మాట విని తెఱచుకొను తలుపులు

ఆలీబాబా కథ నెఱుగని విద్యార్థి మన పాఠశాలలో ఉండడు. నలువదిమంది దొంగలు తాము దోచిన ధనమును దాచిన గుహకు తాళము లేదు, గొళ్లెము లేదు. ఒక్క మాట పలికిన చాలును, తలుపు తెఱచుకొనును. ఆ మాటను చెట్టుమీద దాగి విన్న ఆలీబాబా మఱల దానినే పలుకగా, దొంగలకు తెఱచుకొన్నట్లే అతనికిని తెఱచుకొన్నది. తలుపు మాటను విన్నదే గాని, పలికినవాడెవడో విచారింపలేదు. కథలో ఇది మనకు వేడుకగా నుండును. ఏలయన పోయినది దొంగల సొత్తు. కాని నేడు లోకములో లక్షలకొలది గృహములకు ఇట్టి తలుపులే అమర్పబడియున్నవి. కారు నిలుపు గ్యారేజికి ఉండు యంత్రపు తలుపు వానిలో ముఖ్యమైనది. దాని మాటను పరులు దొంగిలించు విధములను, దొంగిలింపకుండ కాపాడుకొను విధములను ఈ పాఠమున తెలిసికొందము.

ఈ తలుపు అమెరికాలో పుట్టినది. ముక్కలు ముక్కలుగా కీలుకొని, ఇరుప్రక్కల పట్టాలవెంట పైకి ప్రాకి, కప్పుక్రింద పరుండు తలుపును సి. జి. జాన్సన్ అనునతడు 1921లో కల్పించెను. దానిని విద్యుచ్ఛక్తిచే ఎత్తు యంత్రమును 1926లో అతడే సిద్ధపఱచెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, కారు దిగకుండగనే మీట నొక్కి రేడియో తరంగములచే తలుపు తెఱచు పద్ధతి వ్యాపించినది. తొలినాటి పరికరములు ఒక్క తీరు ధ్వనిని మాత్రమే పంపెడివి గనుక, ఒకరు మీట నొక్కగా పొరుగువారి తలుపు గూడ లేచెడిది.

ఇది మనకేల యని తలిదండ్రులలో కొందఱు అడుగవచ్చును. మన తెలుగువారు వేలకొలది కుటుంబములుగా అమెరికాలో కాపురముండి, ఇట్టి ఇండ్లలోనే నివసించుచున్నారు. అచ్చట గ్యారేజి సాధారణముగా ఇంటిని అంటియుండును. పలు కుటుంబములవారు వీధి తలుపును విడిచి దానిగుండనే వచ్చుచు పోవుచుందురు. కుమారునో కుమార్తెనో చూడబోయిన తలిదండ్రులు, పిల్లలు పనికి పోయిన పగటివేళ, ఆ యింట ఒంటరిగా నుందురు. మఱి యొక కారణమేమన, హైదరాబాదు, విజయవాడ మొదలగు మన పట్టణములందును ప్రహరీ గేట్లకు, అంగళ్ల షట్టర్లకు రిమోట్‌తో నడచు మోటార్లు పెట్టుచున్నారు. యంత్రము వేఱైనను సూత్రము ఒక్కటే.

పొరుగువారి తలుపు లేచు చిక్కును తొలగించుటకై కంపెనీలవారు రిమోట్ లోపల చిన్న చిన్న మీటల వరుస నొకటి పెట్టిరి. ఒక్కొక్క మీటను పైకో క్రిందికో త్రోయవచ్చును. ఎనిమిది మొదలు పండ్రెండు వఱకు మీటలుండెడివి. తలుపు యంత్రములోను అట్టి వరుసయే యుండును. రెండు వరుసలును ఒక్క తీరుగా నున్న యెడల తలుపు కదలును. దీనిని స్థిరసంకేత మందము. అనగా ఎన్ని మారులు నొక్కినను ఆ రిమోట్ పలుకునది ఒక్క మాటయే.

ఇందు రెండు లోపములున్నవి. మొదటిది ఆలీబాబా కనుగొన్నదే: ఆ మాటను ఒక్కమాఱు విన్నవాడు దానిని ఎప్పుడైనను తిరిగి పలుకవచ్చును. రేడియో తరంగమునకు గోడ అడ్డముకాదు. వీధిలో నిలిచిన వాహనములోనివాడు దానిని పట్టి భద్రపఱచుకొనగలడు. రెండవ లోపము గణితమునకు సంబంధించినది. పండ్రెండు మీటలకు ఎన్ని అమరికలు సాధ్యము? రెండును పండ్రెండుమారులు గుణించిన 4,096. ఎనిమిది మీటలే యున్నచో 256. ఇంటి తాళపుచెవి 4,096 తీరులుగా నుండినచో దొంగ అన్నియు మోసికొని రాజాలడు. కాని యంత్రమునకు 4,096 మాటలు పలుకుట ఎంతసేపు?

ఈ ప్రశ్నకు 2015వ సంవత్సరమున అమెరికాలో సామీ కామ్కార్ అను పరిశోధకుడు సమాధానము చెప్పెను. పిల్లలు పరస్పరము సందేశములు పంపుకొనుటకై మాటెల్ కంపెనీవారు పూర్వము అమ్మిన ఐఎం-మీ అను ఆటవస్తువును తీసికొని, దానినే సంకేతములు పలుకు యంత్రముగా మార్చెను. ఎనిమిది మొదలు పండ్రెండు మీటల వఱకు గల సమస్త సంకేతములను, రిమోట్లు పలుకు రీతిగనే ఒక్కొక్కదానిని ఐదేసిమారులు పలికినచో, సుమారు 29 నిమిషములు పట్టునని లెక్క తేలినది. ఒక్కొక్కమాఱే పలికినచో 6 నిమిషములు. మాటకు మాటకు నడుమ విరామము విడిచిన 3 నిమిషములు. ఇచ్చట అతడు నిలిచిపోలేదు. ఒక చిత్రమైన ఉపాయముచే ఆ కాలమును సుమారు 8 సెకన్లకు దించెను. దానికి ఓపెన్ సెసమీ యని ఆలీబాబా కథలోని మాటనే పేరుగా పెట్టెను.

ఆ ఉపాయమును మన విద్యార్థులు తెలుగు ఛందస్సు నేర్చు తరగతిలోనే చదివియున్నారు. అది ఇట్టి పనికి వచ్చునని మాత్రము తలచియుండరు. మూడక్షరముల గణములు ఎనిమిది గదా. వానిని జ్ఞాపకముంచుకొనుటకు ఉపాధ్యాయులు "యమాతారాజభానసలగం" అను సూత్రమును వల్లె వేయింతురు. యగణ మేదని అడిగిన, య అను అక్షరము మొదలు మూడక్షరములు తీసికొనుము: యమాతా. లఘువు, గురువు, గురువు, అదియే యగణము. మగణమునకు మాతారా, మూడును గురువులు. తగణమునకు తారాజ, రగణమునకు రాజభా. ఇట్లు తుదకు సగణమునకు సలగం. లఘువును ల యనియు, గురువును గ యనియు వ్రాసినచో సూత్రమంతయు ఈ వరుస యగును: ల గ గ గ ల గ ల ల ల గ.

ఎనిమిది గణములను విడివిడిగా వ్రాసిన మూడెనిమిదులు ఇరువదినాలుగు అక్షరములు కావలెను. ఇచ్చట పది అక్షరములలోనే ఎనిమిదియు ఇమిడియున్నవి. ఒక గణపు తుది రెండక్షరములే తరువాతి గణమునకు మొదటి రెండక్షరము లగుటవలన ఈ పొదుపు కలిగినది. పుస్తకము మీద మూడక్షరముల వెడల్పు గల కంత నొకటి పెట్టి, దానిని అక్షరము వెంట అక్షరము జరిపి చూచిన యెడల, ప్రతి గణమును ఒక్కొక్కమాఱు కంతలో కనబడును. ఏదియు విడువబడదు, ఏదియు రెండుమారులు రాదు. విద్యార్థులు స్వయముగా కాగితము మీద చేసి చూడవలెను. ఇట్టి వరుసలను గూర్చి హాలండు దేశపు గణితవేత్త డి బ్రుయిన్ 1946లో వ్యాసము ప్రకటించెను గనుక పాశ్చాత్యులు వానిని అతని పేరనే వ్యవహరించుచున్నారు. మన ఛందస్సు సూత్రము ఆ జాతిలో మూడక్షరముల వరుస. కామ్కార్ వాడినది పండ్రెండక్షరముల వరుస.

అయినను ఈ గొలుసుకట్టు మాటను తలుపు యంత్రము ఏల అంగీకరించును? ఇచ్చటనే దాని లోపము బయటపడినది. పాత యంత్రములు పలువురు తయారుచేసినవి సంకేతమును మొదటినుండి తుదివఱకు ఒక పదముగా వినవు. వచ్చిన తుది పండ్రెండు అక్షరములను మాత్రము చూచును. క్రొత్తది ఒక టి వచ్చినప్పుడు మిక్కిలి పాతదానిని విడుచును. పైన చెప్పిన కంత వంటిదే దాని చెవి. పది అక్షరములలో ఎనిమిది గణములు చూచినట్లే, అది 4,107 అక్షరములలో 4,096 సంకేతములను చూచును. విడివిడిగా పలికినచో కావలసినవి 49,152. అక్షరమునకు రెండు మిల్లీసెకన్ల వంతున 4,107 అక్షరములకు 8 సెకన్లకు కొంచెము మిక్కిలి.

కామ్కార్ తన ఉపాయమును లోకమునకు తెలిపినను, ప్రకటించిన ఆజ్ఞావళిలో బుద్ధిపూర్వకముగా కొంత చెఱిపి, తెలివిమాలిన దొంగలకు తిన్నగా పనికిరాకుండ చేసెను. ఇది మెచ్చదగిన పని. లోపమును దాచియుంచిన గృహస్థులు మేల్కొనరు. పూర్తిగా చేతికిచ్చిన దొంగలకు సాయమగును.

ఇక ఈ లోపములకు మందు. 1990 దశకమునుండి మంచి కంపెనీలు మాఱుచుండు సంకేతమును వాడసాగెను. దీనిని చెక్కు పుస్తకముతో పోల్చిన సులభముగా తెలియును. చెక్కుల మీద వరుస సంఖ్య యుండును, యజమాని సంతకముండును. 104వ చెక్కుకు ఒక్కమాఱు సొమ్మిచ్చిన బ్యాంకు మఱల అదే చెక్కు తెచ్చిన ఇయ్యదు. రిమోట్ సైతము మీట నొక్కిన ప్రతిమాఱు తన లోపలి సంఖ్యను ఒకటి పెంచి, దానిని రహస్యమైన బీజముతో కలిపి, గుఱుతుపట్టరాని మాటగా మార్చి పలుకును. తలుపు యంత్రమునకును ఆ బీజము తెలియును గనుక అది సంఖ్యను విడదీసి చూచి, తాను కడపట అంగీకరించిన సంఖ్యకంటె ముందుదైనచో మాత్రమే తెఱచును. నిన్న విన్న మాటను నేడు పలికిన దొంగకు తలుపు కదలదు. పిల్లవాడు రిమోట్‌ను బడికి కొనిపోయి ఊరక నొక్కిన సంఖ్య ముందునకు పోవును గదా యని సందేహము కలుగవచ్చును. కీలాక్ అను ప్రసిద్ధ పద్ధతిలో 16 సంఖ్యల వఱకు ముందునకు పోయినను యంత్రము అంగీకరించును. అంతకు మించినచో వరుసగా రెండుమారులు నొక్కిన సరిపడును.

ఇదియు అభేద్యము కాదు. ఆ 2015లోనే ఆగస్టు నెలలో, లాస్ వేగాస్ నగరమున జరిగిన డెఫ్ కాన్ సభలో, అదే కామ్కార్ రోల్‌జామ్ అను చిన్న పరికరమును చూపెను. దానిని యజమాని వచ్చు త్రోవలో దాచియుంచిన చాలును. యజమాని మీట నొక్కగానే ఆ పరికరము గందరగోళపు తరంగములు పుట్టించి తలుపు చెవిని మూయును. అదే సమయమున ఆ మాటను తాను మాత్రము విని దాచుకొనును. తలుపు కదలలేదని యజమాని మఱల నొక్కును. ఆ రెండవ మాటను గూడ దాచి, మొదటి మాటను తలుపునకు వినిపించును. తలుపు లేచును; యజమాని తృప్తిపడి లోనికి పోవును. చెక్కు పోలికలో చెప్పవలెనన్న, 108వ చెక్కును, 109వ చెక్కును దారిలో కాజేసి, 108ని మాత్రము బ్యాంకునకు చేర్చినట్లు. 109 ఇంకను చెల్లునది. అది దొంగ జేబులో నున్నది.

దీనికి సరియైన మందు తయారుచేయువారి చేతిలో నున్నది: మాటకు గడియారపు గడువు పెట్టుట, లేదా తలుపే ముందుగా క్రొత్త ప్రశ్న వేసి రిమోట్ దానికి సమాధానము చెప్పునట్లు చేయుట. గృహస్థుడు చేయదగినది చిన్నది గాని మంచిది. రిమోట్ ఒకమాఱు పనిచేయక రెండవమాఱు పనిచేసినచో, లోనికి పోయిన తరువాత తలుపు దగ్గఱ నిలిచి ఇంకొకమాఱు నొక్కి మూయవలెను. క్రొత్త సంఖ్యను తలుపు విన్నంతనే, అంతకు ముందు దొంగిలింపబడిన సంఖ్య చెల్లని చెక్కగును. ప్రతి ఆటంకమును దొంగతనమని భయపడ నక్కఱలేదు. బ్యాటరీ తగ్గినను మొదటి నొక్కుడు తప్పిపోవుట కలదు.

బీజము గూర్చి యొక మాట. కీలాక్ పద్ధతిలో ఒక్కొక్క కంపెనీ రిమోట్ల బీజములు ఆ కంపెనీ యొక్క మూలబీజము నుండి పుట్టుచుండెను. జర్మనీలోని బోకుమ్ నగరపు విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇతరులతో కలిసి, 2008లో ఒక వింత చేసి చూపిరి. లెక్క కట్టునప్పుడు ఆ చిన్న చిప్పు ఎంతెంత విద్యుచ్ఛక్తి తినుచున్నదో క్షణక్షణము కొలిచి, ఆ కొలతలనుండియే మూలబీజమును బయటికి లాగిరి. తరువాత ఒక రిమోట్ పలికిన రెండు మాటలను దూరమునుండి విన్న చాలును, దాని నకలు సిద్ధము. అందఱి తాళములను ఒక్క తాళపుచెవికి తగిలించిన, ఆ ఒక్కటి పోయిన దినమున అందఱి ఇండ్లును బయలగును.

ఈ పాఠము అప్పుడే కంపెనీలన్నియు నేర్చుకొనలేదు. ఇప్పుడు ఫోనుతో, ఇంటర్నెట్ గుండ తలుపు తెఱచు పరికరములు వచ్చినవి. నెక్స్ అను కంపెనీ పరికరములన్నిటికిని లోపల ఒక్క రహస్యపదమే వాడబడుచున్నదని ఒక పరిశోధకుడు కనుగొనగా, 2023 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థ ప్రజలకు హెచ్చరిక ప్రకటించెను. ఆ పదము దొరికినవానికి ఇతరుల పరికరములు పంపు సందేశములు కనబడెను. వారి తలుపులను లోకములో ఎచ్చటనుండి యైనను తెఱచు వీలుండెను. అట్టి పరికరములు 40,000కు పైగా ఉండునని అంచనా. రేడియో దొంగ మన వీధికి రావలెను; ఇంటర్నెట్ దొంగకు ఆ శ్రమయు లేదు. నా అభిప్రాయమున, దూరదేశమునుండి గ్యారేజి తెఱవవలసిన నిజమైన అవసరము లేనివారు ఆ సౌకర్యమును పెట్టుకొనకుండుటయే మేలు. పెట్టుకొన్నవారు ఇతరత్ర వాడని రహస్యపదమును వాడి, లోపములను సవరించు క్రొత్త ఆజ్ఞావళులను ఎప్పటికప్పుడు చేర్చుచుండవలెను.

మీ యింటి యంత్రము ఏ జాతిదో తెలిసికొనుట కష్టము కాదు. రిమోట్ వెనుకమూత తీసి చూడుడు. చిన్న మీటల వరుస కనబడినచో అది స్థిరసంకేతమే. మన పట్టణములలో కొన్ని అంగళ్లలో కాపీ రిమోట్లు అమ్ముదురు. మీ గేటు రిమోట్‌ను దాని ప్రక్కన పెట్టి నొక్కగా క్షణములో నకలు సిద్ధమై గేటు తెఱచినచో, ఆ గేటునకు స్థిరసంకేతమే కలదని దాదాపుగా నిశ్చయింపవచ్చును. అంగడివాడు చేసినది దొంగయు చేయగలడు. అట్టిచో యంత్రమంతయు మార్చ నక్కఱలేదు. మోటారు మంచిదైనచో, మాఱుచుండు సంకేతము గల గ్రాహకమును మాత్రము క్రొత్తగా కొని, గోడమీది మీటకు పోవు తీగలకు కలిపించుకొనవచ్చును. క్రొత్త ఇంట ప్రవేశించువారు పాత యజమాని రిమోట్లు ఎన్ని ఎవరి చేతులలో నున్నవో ఎఱుగరు గనుక, యంత్రపు జ్ఞాపకమును తుడిచి, తమ రిమోట్లను మాత్రమే మఱల నేర్పవలెను. కారు అమ్మునప్పుడు కారులో నేర్పిన సంకేతమును గూడ తుడిచివేయవలెను. ఊరికి పోవునప్పుడు, బ్యాటరీ లేని యంత్రమైనచో దాని ప్లగ్గు ఊడదీసిన, ఎంత నేర్పరియగు దొంగ పలికిన మాటయైనను వినువారుండరు.

ఇంతగా గణితము చెప్పితిమి గాని, పెక్కుమంది దొంగలకు గణితముతో పనియే లేదు. ఇంటిముందు నిలిపిన కారు అద్దము పగులగొట్టి, లోపల ఎండతెరకు తగిలించిన రిమోట్‌ను తీసికొనిన చాలును. కారు కాగితములు సైతము అందుననే యున్నచో, వేఱొక చోట నిలిపిన కారునుండియే ఇంటి చిరునామా దొరకును. రిమోట్‌ను తాళపుచెవి వలె జేబులో నుంచుకొనవలెను. గ్యారేజినుండి ఇంటిలోనికి పోవు చిన్న తలుపును పలువురు గడియ వేయక విడుచుదురు. పెద్ద తలుపు యంత్రమును ఎంత బాగుచేసినను, ఆ చిన్న తలుపు గడియ వేయనిచో శ్రమ వ్యర్థము.

మఱి యొకటి. యంత్రమునుండి తలుపును విడదీయుటకై లోపల ఎఱ్ఱని పిడి గల త్రాడు వ్రేలాడుచుండును. తలుపు పైయంచు సందులోనుండి వంచిన తీగను జొనిపి ఆ త్రాటిని లాగి, చేతితో తలుపు నెత్తు దొంగలున్నారు. దీనికి భయపడి కొందఱు ఆ త్రాటిని కోసివేయుదురు. అట్లు చేయరాదు. 2017లో కాలిఫోర్నియా అడవుల కార్చిచ్చులలో విద్యుత్తు నిలిచిపోగా, గ్యారేజి తలుపులు తెఱవజాలక జనులు చిక్కుకొనిరి. అందుచే ఆ రాష్ట్రమున 2019 జులై 1 మొదలు అమ్ముడుపోవు ప్రతి యంత్రమునకును బ్యాటరీ యుండవలెనని చట్టము చేసిరి. త్రాటిని ఉంచి, తీగకు అందకుండ దానికి అడ్డుపలక అమర్చుటయే సరియైన పద్ధతి. విదేశమునకు పోయిన తలిదండ్రులు ఆ పిడి యెచ్చట నున్నదో పిల్లల నడిగి, పగటివేళ, తలుపు మూసియున్నప్పుడు, ఒకమాఱు తమ చేతులతో లాగి తలుపు నెత్తి చూడవలెను.